ప్రీసెట్ల కోసమైతే పెడల్ విప్పకండి

గిటార్ సౌండ్‌ని మార్చే డబ్బా, అదే ఎఫెక్ట్స్ పెడల్, దాని మూత తీసి, లోపల మైక్రోకంట్రోలర్ అనే బుల్లి కంప్యూటర్ చిప్ ఇరికించి, కంప్యూటర్ నుంచి నడిపిద్దాం అనుకునే వాళ్లని ఎందుకండీ ఇదంతా అని అడిగితే దాదాపు అందరి జవాబూ ఒకటే, ప్రీసెట్లు, అంటే ముందే సేవ్ చేసి పెట్టుకున్న నాబ్ సెట్టింగ్‌లు. పాట మారగానే గెయిన్ (సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచాలన్నది) ఇంత, టోన్ అంత అని నాబ్‌లన్నీ వాటంతటవే సర్దుకోవాలి. కోరిక న్యాయమైనదే గానీ ఆ ఒక్క పనికే అయితే సోల్డరింగ్ ఐరన్ ప్లగ్‌లో పెట్టకండి, ఫోన్ తీసి నాబ్‌లకి ఒక ఫోటో కొట్టండి, సరిపోతుంది.

జోక్ చెయ్యట్లేదు. గిటార్ సౌండ్‌ని గరుకుగా చేసే మామూలు ఓవర్‌డ్రైవ్ పెడల్‌కి ఉండేది మూడు నాబ్‌లు, మూడింటినీ చేత్తో తిప్పడానికి పట్టే టైమ్ రెండు పాటల మధ్య ట్యూనింగ్ సరిచూసుకునే టైమ్ కన్నా తక్కువే. పైగా సేవ్ చేసిన నంబర్ అంటే సేవ్ చేసిన సౌండ్ కాదు. గిటార్ మీద వాల్యూమ్ కాస్త తగ్గించినా, పికప్ మార్చినా, ఆంప్ మారినా, గది మారినా అదే నంబర్‌కి వేరే సౌండ్ వస్తుంది, అప్పుడు ఎలాగూ మళ్లీ చెయ్యి పెట్టాల్సిందే, పెడితే ఇంకో తలనొప్పి మొదలవుతుంది, నాబ్ మీద గీత చూపించేది ఒకటి, లోపల నడుస్తున్న వాల్యూ ఇంకొకటి, ఏది నమ్మాలో తెలీదు. 2020లో చేస్ బ్లిస్ అనే పెడల్ కంపెనీ వాళ్లు ఒక ప్రీయాంప్ పెడల్ మీద మోటార్‌తో కదిలే ఫేడర్లు (పైకీ కిందికీ జరిగే నాబ్‌లు) పెట్టారు, ప్రీసెట్ మార్చగానే ఫేడర్లు నిజంగానే జరిగి సరైన చోట ఆగుతాయి. ఈ గొడవకి నిజాయితీ గల పరిష్కారం అంటే అదీ. కానీ అది ఒక డబ్బా విప్పి టేబుల్ మీద చేసుకునే పని కాదు.

మరి ఎందుకు చెయ్యాలి? నా వాదన ఏంటంటే, ఈ కష్టానికి తగ్గ ఫలితం ఉంటే అది కదలికలోనే ఉంది. మీరు వాయిస్తూ ఉండగా నాబ్ దానంతటది తిరగడం. ఎనిమిది బార్ల పాటు గెయిన్ సన్నగా మొదలై మెల్లగా పైకి ఎక్కడం, డిలే టైమ్ (ఎకో ఎంత ఆలస్యంగా రావాలన్నది) టెంపోకి కట్టుబడి ఊగడం, ఇలాంటివి. వాయించేవాడి రెండు చేతులూ గిటార్ మీదే ఉంటాయి, ఒక కాలి మీద నిలబడాలి, ఇక మిగిలింది ఒక్క కాలు. పాదంతో తొక్కి నాబ్ తిప్పే ఎక్స్‌ప్రెషన్ పెడల్ ఉందిగా అంటారు, ఉంది, కానీ పాదం పదహారు బార్ల పాటు ఒకే వేగంతో పైకి ఎక్కలేదు, బీట్‌కి నాలుగు సార్లు తప్పకుండా వణకలేదు, నమ్మకపోతే ప్రయత్నించి చూడండి, పిక్క పట్టేస్తుంది.

ఇంకోటి, అనలాగ్ సర్క్యూట్ కదులుతున్నప్పుడు వినిపించే సౌండ్ కొన్నిసార్లు అది ఏ ఒక్క చోట ఆగినా వినిపించదు. నోట్ ఒకటి కొట్టి వదిలేశాక అది సన్నబడుతూ ఉంటుంది కదా, ఆ టైమ్‌లో గెయిన్ పెరుగుతూ వస్తే క్లిప్పింగ్ డయోడ్‌లు (హద్దు దాటిన సిగ్నల్‌ని కోసేసే పార్ట్‌లు) దాన్ని అదే లెవెల్‌లో పట్టుకుని ఉంచుతాయి, లోపలున్న హార్మోనిక్స్ ఒక్కొక్కటే బయటికి వస్తాయి. నాబ్ ఎక్కడ ఆపి ఫోటో తీసినా ఆ ఎఫెక్ట్ ఆ ఫోటోలో ఉండదు.

ఇది ముందే తేల్చుకోవాలి అని ఎందుకంటున్నానంటే, ప్రీసెట్ కోసం కట్టే సర్క్యూట్, కదలిక కోసం కట్టే సర్క్యూట్ ఒకటి కావు. ఏ నాబ్ ఎంచుకోవాలి, ఏ పార్ట్ వాడాలి, కంప్యూటర్‌కి ఎంత పని అప్పగించాలి, అన్నీ దీన్ని బట్టే మారిపోతాయి. చాలామంది ముందు పార్ట్ ఎంచుకుని తర్వాత పని వెతుక్కుంటారు, అక్కడే తేడా కొడుతుంది.

ఐబనేజ్ వాళ్ల ట్యూబ్ స్క్రీమర్ తరహా ఓవర్‌డ్రైవ్‌నే తీసుకుందాం, ఎందుకంటే ఆ సర్క్యూట్ అందరికీ తెలిసిందే, దాని కాపీలు కూడా లెక్కలేనన్ని. గెయిన్ మార్చే డ్రైవ్ నాబ్ అనేది ఆప్ ఆంప్ (సిగ్నల్‌ని పెంచే చిప్) ఫీడ్‌బ్యాక్‌లో కూర్చున్న 500 కిలో ఓమ్‌ల పాట్, అంటే తిప్పితే రెసిస్టెన్స్ మారే పొటెన్షియోమీటర్, దానికి సిరీస్‌లో 51 కిలో ఓమ్‌లు, గ్రౌండ్ వైపు 4.7 కిలో ఓమ్‌లు, ఒక 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్. ఆ రెండూ కలిసి 720 హెర్ట్జ్ దగ్గర కింది భాగాన్ని కోసేస్తాయి, దాని పైన గెయిన్ లెక్కేస్తే కనిష్ఠంగా సుమారు 12 రెట్లు, గరిష్ఠంగా సుమారు 118 రెట్లు, డెసిబెల్స్‌లో చెప్పాలంటే 21 నుంచి 41 దాకా. కదిలించడానికి ఇంతకంటే మంచి నాబ్ ఆ పెడల్ మీద లేదు. లెవెల్ నాబ్ కదిపితే అది ఉత్త వాల్యూమ్ మార్పు, ఆ పని కంప్యూటర్‌లోనే చేసుకోవచ్చు, టోన్ నాబ్ కదిపితే బాగానే ఉంటుంది గానీ దాని కర్వ్ మామూలు లీనియర్ కాదు, దాన్ని వేరే పార్ట్‌తో అచ్చంగా తెప్పించడం విసుగు. నేనైతే టోన్‌ని వదిలేస్తా.

సరే, డ్రైవ్ నాబ్‌ని కంప్యూటర్ తిప్పాలి, ఎలా? అందరి చెయ్యీ మొదట వెళ్లేది డిజిటల్ పాట్ మీదకి, అంటే పాట్ పని చేసే చిప్ మీదకి. మైక్రోచిప్ వాళ్ల ఎమ్‌సీపీ41100 లాంటిది, 100 కిలో ఓమ్‌లు, 256 మెట్లు, ఎస్‌పీఐ అనే వైర్ల వరస మీద రెండు బైట్లు పంపితే వైపర్ (పాట్ లోపల జరిగే ముల్లు) జరుగుతుంది. పాత పాట్ పీకేసి దీన్ని పెట్టేస్తే అయిపోయిందిగా అనిపిస్తుంది. అవ్వదు. మొదటిది, మనకి కావాల్సింది 500 కిలో ఓమ్‌లు, ఇది 100 దగ్గరే ఆగిపోతుంది. రెండోది అంతకంటే పెద్ద చిక్కు, ఆ చిప్ 5 వోల్టుల మీద నడుస్తుంది, దాని కాళ్ల మీదకొచ్చే సిగ్నల్ సున్నాకీ 5 వోల్టులకీ మధ్యనే ఉండాలి. పెడల్ ఏమో 9 వోల్టులది, లోపల సిగ్నల్ అంతా 4.5 వోల్టుల చుట్టూ ఊగుతుంది. ఫీడ్‌బ్యాక్‌లో డయోడ్‌లు క్లిప్ చేసేది ఇంకో 0.6 వోల్టుల దగ్గర, దానికి గిటార్ నుంచి వచ్చే సిగ్నల్ కలుపుకుంటే ఆప్ ఆంప్ అవుట్‌పుట్ 5.1 దాటిపోయింది, చిప్ హద్దు దాటిపోయింది, అక్కడి నుంచి వచ్చే డిస్టార్షన్ మీరు డబ్బులిచ్చి కొనుక్కున్న డయోడ్‌ల డిస్టార్షన్ కాదు. సర్క్యూట్ బయాస్ (సిగ్నల్ ఊగే మధ్య వోల్టేజ్) మొత్తం 2.5 వోల్టులకి దింపొచ్చు, లేదా 30 వోల్టుల సప్లై దాకా తట్టుకునే ఏడీ5290 లాంటి చిప్ వాడొచ్చు, దార్లున్నాయి. కానీ ఒక నాబ్ కోసం పెడల్ బయాస్ మార్చేశాక అది ఇంకా అదే పెడలా అని నాకు అనుమానం.

మూడోది మెట్లు. ప్రీసెట్‌కైతే 256 మెట్లు ధారాళంగా సరిపోతాయి, ఒక మెట్టు మీద ఆగి కూర్చుంటారు కాబట్టి. కదలాలంటే మాత్రం ప్రతి మెట్టు దగ్గరా చిన్న గెంతు, వరసగా గెంతులు పడితే జిప్ లాగుతున్నట్టు గరగర వినిపిస్తుంది, అందుకే దాన్ని జిప్పర్ నాయిస్ అంటారు. వాల్యూమ్ పాట్ స్థానంలో అయితే మరీ దారుణం, 1వ మెట్టు నుంచి 2వ మెట్టుకి వెళ్తే వోల్టేజ్ రెట్టింపు, అంటే ఒకేసారి 6 డెసిబెల్స్, అదే 254 నుంచి 255కి వెళ్తే ఏ చెవికీ తేడా అందదు. సిగ్నల్ సున్నా దాటే క్షణం చూసి మెట్టు మార్చే చిప్‌లు కూడా ఉన్నాయి, గరగర తగ్గుతుంది, మెట్లు మాత్రం మెట్లే.

ఇక్కడే పాత పద్ధతి పనికొస్తుంది. ఒక ఎల్‌ఈడీ, దాని ఎదురుగా వెలుగుని బట్టి రెసిస్టెన్స్ మారే ఎల్‌డీఆర్ ఒకటి, రెంటినీ కలిపి వెలుతురు చొరబడకుండా నల్లటి హీట్ ష్రింక్ ట్యూబ్‌లో మూసేస్తే అయిపోయింది, ఫ్యాక్టరీలో ఇలా కట్టి అమ్మేవాటిని వాక్ట్రోల్ అంటారు. ఎల్‌ఈడీ ఎంత వెలిగితే ఎల్‌డీఆర్ రెసిస్టెన్స్ అంత తగ్గుతుంది. ఎల్‌ఈడీ వైపు మైక్రోకంట్రోలర్ ఉంటుంది, ఎల్‌డీఆర్ వైపు గిటార్ సిగ్నల్ ఉంటుంది, రెంటి మధ్యా వెలుతురు తప్ప సిగ్నల్ దాటే వైరు ఒక్కటి కూడా ఉండదు. బయాస్ ఎంత, సప్లై ఎంత అనే గొడవే లేదు, ఎల్‌డీఆర్ అంటే చివరికి ఒక రెసిస్టరే. ఇందులో వాడే కాడ్మియం సల్ఫైడ్‌కి ఆకుపచ్చ వెలుగు దగ్గర సెన్సిటివిటీ ఎక్కువ కాబట్టి ఎర్ర ఎల్‌ఈడీ కన్నా ఆకుపచ్చది వాడితే తక్కువ కరెంట్‌తోనే పనైపోతుంది. కాడ్మియం మీద యూరప్‌లో పర్యావరణ నిబంధనలు వచ్చాక రెడీమేడ్ వాక్ట్రోల్స్ దొరకడం కష్టమైంది, అందుకే ఈ చేత్తో చుట్టుకునే కథ.

ఇదేం కొత్త తెలివి కూడా కాదు. 1960ల చివర్లో జపాన్‌లో షిన్-ఎయ్ కంపెనీ తయారుచేసిన యూనివైబ్ అనే పెడల్ లోపల మధ్యలో ఒక చిన్న బల్బు, చుట్టూ నాలుగు ఎల్‌డీఆర్‌లు. బల్బు వెలుగుతూ ఆరుతూ ఉంటే వాటి మీద నడిచే నాలుగు ఫేజ్ స్టేజ్‌లూ (సౌండ్‌ని ఊపే సర్క్యూట్లు) కదులుతాయి. బల్బు ఫిలమెంట్ వేడెక్కడానికీ చల్లారడానికీ టైమ్ పడుతుంది, ఎల్‌డీఆర్ దానికి తోడు ఇంకొంచెం బద్ధకిస్తుంది, ఈ రెండు బద్ధకాలూ కలిసే ఆ పెడల్‌కి దాని ఊపు తెచ్చాయి. కంప్యూటర్ ఊసే లేని రోజుల్లో కదలిక కోసం కట్టిన పెడల్ అది, దాని మీద ఎవరూ ప్రీసెట్ అడగలేదు.

వాక్ట్రోల్ మీద ఉన్న పెద్ద కంప్లయింట్ కూడా ఈ బద్ధకమే. వెలిగేటప్పుడు రెసిస్టెన్స్ కొన్ని మిల్లీసెకన్లలో దిగుతుంది, ఆరేటప్పుడు పదుల మిల్లీసెకన్లు పడుతుంది, పూర్తి చీకటి రెసిస్టెన్స్‌కి చేరాలంటే ఇంకా ఎక్కువే, స్విచ్ ఆపినా కాసేపు తిరిగే ఫ్యాన్ లాగా. ప్రీసెట్ కావాలనుకునేవాడికి ఇది లోపం, కదలిక కావాలనుకునేవాడికి ఇది ఫ్రీగా వచ్చిన ఫిల్టర్. మైక్రోకంట్రోలర్ మెట్లు మెట్లుగా పంపినా ఎల్‌డీఆర్ వాటిని అరగదీసి నున్నగా చేసి ఇస్తుంది, జిప్పర్ నాయిస్ అన్న మాటే రాదు.

అసలు నాకు దీన్లో అన్నిటికంటే నచ్చింది దాన్ని ఎక్కడ కలుపుతామన్నది. డ్రైవ్ పాట్‌ని పీకనక్కర్లేదు. దాని రెండు కాళ్ల మీద ఎల్‌డీఆర్‌ని పారలల్‌గా వేస్తే చాలు. ఎల్‌ఈడీ ఆరి ఉంటే ఎల్‌డీఆర్ కొన్ని మెగా ఓమ్‌లు ఉంటుంది, 500 కిలో ఓమ్‌ల పక్కన 10 మెగా ఓమ్‌లు వేస్తే మొత్తం 476 దాకా వస్తుంది, గెయిన్‌లో ఆ తేడా అర డెసిబెల్ కూడా లేదు. అంటే కంప్యూటర్ తగిలించకపోతే పెడల్ మామూలు పెడలే, నాబ్ మామూలు నాబే. కంప్యూటర్ తగిలిస్తే నాబ్ గరిష్ఠాన్ని నిర్ణయిస్తుంది, ఎల్‌ఈడీ అక్కడి నుంచి కిందికి లాగుతుంది. వాయిస్తూ మధ్యలో ఈ ఊపు మరీ ఎక్కువైంది అనిపిస్తే వంగి నాబ్ కాస్త తగ్గించండి, ఊపు ఆగదు, దాని పైకప్పు మాత్రం దిగుతుంది. నాబ్ ఒకటి, వాల్యూ ఇంకొకటి అన్న గొడవ ఇక్కడ పుట్టదు, ఎందుకంటే నాబ్ అబద్ధం చెప్పట్లేదు, హద్దు చెప్తోంది.

డేటాషీట్ చదివేవాళ్లకి ఇక్కడ ఒక డౌట్ వస్తుంది, రెండు ఎల్‌డీఆర్‌లు ఒకేలా ఉండవు కదా, వేడికి మారతాయి, ఇంతకుముందు ఎంత వెలుగు చూశాయో దాన్ని బట్టి కూడా మారతాయి, మరి కచ్చితత్వం ఎలా అని. డ్రైవ్ నాబ్‌కి కచ్చితత్వం అక్కర్లేదు, 30 డెసిబెల్స్ బదులు 31 వస్తే కొంప మునగదు. పీడబ్ల్యూఎమ్ (ఎల్‌ఈడీని వేగంగా వెలిగించి ఆర్పి వెలుగు మార్చే పద్ధతి) వాల్యూలు కొన్ని పంపి, ఒక్కోదానికీ మల్టీమీటర్‌తో రెసిస్టెన్స్ కొలిచి, ఆ పట్టికని మైక్రోకంట్రోలర్ ఈఈప్రామ్‌లో, అంటే కరెంట్ పోయినా చెరగని మెమరీలో పెట్టేస్తే చాలు, ఏటీమెగా328పీ అనే మైక్రోకంట్రోలర్‌లో 1 కిలోబైట్ ఈఈప్రామ్ ఉంది, పట్టిక అందులో ఒక మూలకి సరిపోతుంది.

డిలే సంగతి వేరు, అక్కడ కచ్చితత్వం కావాలి. పీటీ2399 అనే ఎకో చిప్ మీద కట్టిన డిలే పెడల్స్ చాలానే ఉన్నాయి, ఆ చిప్ 6వ కాలి నుంచి గ్రౌండ్‌కి వేసే రెసిస్టెన్సే డిలే టైమ్‌ని నిర్ణయిస్తుంది, 27.6 కిలో ఓమ్‌లు వేస్తే సుమారు 340 మిల్లీసెకన్లు, తగ్గించే కొద్దీ టైమ్ తగ్గుతుంది. చిప్ తనే 5 వోల్టుల మీద నడుస్తుంది కాబట్టి ఇక్కడ డిజిటల్ పాట్‌కి వోల్టేజ్ ఇబ్బంది ఏం లేదు, చాలామంది అదే వాడతారు. కానీ టైమ్ మారుతున్నప్పుడు లోపల ఉన్న ఎకో పిచ్ వంగుతుంది కదా, ఆ వంపు కోసమే ఈ పెడల్‌ని కదిలించాలనుకునేది, మెట్లతో కదిలిస్తే వంపు బదులు స్వరాలు టకటకమని గెంతుతాయి. కాబట్టి ఇక్కడా ఎల్‌డీఆరే. పాట్‌కి పారలల్‌గా, రెంటికీ కలిపి సిరీస్‌లో 2.2 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి తప్పనిసరిగా, ఎందుకంటే పవర్ ఆన్ అయ్యే క్షణంలో 6వ కాలి దగ్గర రెసిస్టెన్స్ మరీ తక్కువుంటే ఆ చిప్ బిగుసుకుపోయి మళ్లీ ఆపి వేసేదాకా లేవదు.

ఇప్పుడు కచ్చితత్వం. నిమిషానికి 120 బీట్‌లు అంటే బీట్‌కి 500 మిల్లీసెకన్లు, ఎయిత్ నోట్‌కి 250. ఎల్‌డీఆర్‌తో 250 కొట్టాలంటే ఈరోజు కుదిరింది రేపు కుదరదు. కానీ ఆ పీటీ2399 తన క్లాక్‌ని (లోపలి పని నడిపే పల్సుల్ని) 5వ కాలి మీద బయటికి ఇస్తుంది, డిలే ఎంత ఉన్నా లోపల పట్టే క్లాక్ పల్సులు మాత్రం మారవు, సుమారు 6.8 లక్షలు. క్లాక్ 2 మెగాహెర్ట్జ్ ఉంటే 340 మిల్లీసెకన్లు, 2.7 మెగాహెర్ట్జ్ ఉంటే 250. కాబట్టి మైక్రోకంట్రోలర్ ఆ క్లాక్‌ని లెక్కపెడుతూ ఎక్కువైతే ఎల్‌ఈడీ తగ్గించి, తక్కువైతే పెంచి, కావాల్సిన టైమ్ దగ్గరే పట్టి ఉంచొచ్చు. 16 మెగాహెర్ట్జ్ మీద నడిచే ఏటీమెగా టైమర్ బయటి క్లాక్‌ని 6 మెగాహెర్ట్జ్ దాకా పట్టుకోగలదు, పొట్టి డిలేలకి అంతకంటే వేగం వస్తుంది కాబట్టి మధ్యలో 74హెచ్‌సీ4040 లాంటి కౌంటర్ పెట్టి భాగించి పంపితే ఏ గొడవా లేదు. బద్ధకపు పార్ట్‌ని తెలివైన లెక్కతో నడిపించడం, ఈ మొత్తం వ్యవహారంలో నాకు నిజంగా ఒళ్లు పులకరించే భాగం ఇదే, మిగతావి వైరింగ్.

ఇక కంప్యూటర్ వైపు. ఇక్కడ నా పట్టుదల ఏంటంటే యూఎస్‌బీ వైరు తిన్నగా పెడల్‌లోకి రాకూడదు. ల్యాప్‌టాప్ గ్రౌండ్, పెడల్ గ్రౌండ్, ఆంప్ గ్రౌండ్ మూడూ కలిసి లూప్ కట్టేస్తాయి, ఛార్జర్ నుంచి వచ్చే సన్నటి కీచు, మౌస్ కదిలిస్తే వచ్చే గురగుర, అన్నీ ఓవర్‌డ్రైవ్ 118 రెట్లు పెంచి మరీ వినిపిస్తుంది. 1983లో మిడి స్టాండర్డ్ (వాయిద్యాలూ కంప్యూటర్లూ మాట్లాడుకునే పద్ధతి) రాసినవాళ్లు ఈ సంగతి ముందే ఆలోచించారు, సిగ్నల్ 5 మిల్లీఆంపుల కరెంట్ లూప్‌గా వస్తుంది, తీసుకునే వైపు సిగ్నల్‌ని వెలుతురుగా దాటించే ఆప్టో ఐసోలేటర్ ఉండాల్సిందే, కేబుల్ షీల్డ్ పంపే వైపు మాత్రమే గ్రౌండ్‌కి కలుస్తుంది. 6ఎన్138 అనే ఆప్టో ఐసోలేటర్ ఒకటి, రెసిస్టర్లు కొన్ని, ఒక డయోడ్, ఇంతే ఖర్చు, కంప్యూటర్‌కీ గిటార్‌కీ మధ్య మళ్లీ వెలుతురు తప్ప ఏమీ లేదు. పెడల్ డబ్బాలో మిడికి మామూలుగా వాడే పెద్ద డిన్ సాకెట్‌కి చోటుండదు కాబట్టి 3.5 మిల్లీమీటర్ల జాక్ వాడండి, కాకపోతే అందులో టైప్-ఏ, టైప్-బీ అని రెండు వైరింగ్‌లు తిరుగుతుంటాయి, 2018లో స్టాండర్డ్‌గా ఖాయం చేసింది టైప్-ఏని.

మిడి పాతబడింది, 128 మెట్లే ఇస్తుంది, నెమ్మది అంటారు. నిజమే, సెకనుకి 31,250 బిట్‌లు, బైట్‌కి 320 మైక్రోసెకన్లు, మూడు బైట్ల కంట్రోల్ మెసేజ్ వెళ్లడానికి దాదాపు ఒక మిల్లీసెకన్. కానీ ఇది ఎవరికి ఇబ్బంది? నాబ్ కదలిక మొత్తాన్ని కంప్యూటర్ నుంచి చుక్క చుక్కగా పంపేవాడికి. అలా పంపకూడదు అన్నదే నా మాట. కంప్యూటర్ టెంపో పంపాలి, ఏం చెయ్యాలో పంపాలి, ఎలా కదలాలన్నది పెడల్ లోపలే లెక్క కట్టుకోవాలి. మిడి క్లాక్ బీట్‌కి 24 పల్సులు వస్తాయి, 120 టెంపోలో అంటే 21 మిల్లీసెకన్లకి ఒకటి, ఆ పల్సుల మధ్య ఎల్‌ఎఫ్‌ఓ (నాబ్‌ని నెమ్మదిగా ఊపే తరంగం) ఆకారాన్ని మైక్రోకంట్రోలర్ మిల్లీసెకనుకోసారి గీసుకుంటూ పోతుంది. కంట్రోల్ మెసేజ్ ఏదైనా వచ్చినా దాన్ని గమ్యంగా తీసుకుని నెమ్మదిగా అటు నడవాలి గానీ అక్కడికి దూకకూడదు. అప్పుడు 128 మెట్లైనా, కేబుల్ నెమ్మదైనా వినేవాడికి తెలీదు. కంప్యూటర్ మధ్యలో హ్యాంగ్ అయితే? చివరి టెంపోతో పెడల్ ఊగుతూనే ఉంటుంది, పాట ఆగదు.

నాయిస్ గురించి ఇంకొక్క మాట, ఇది చాలామందికి తగిలేదే. ఆర్డినో అనే మైక్రోకంట్రోలర్ బోర్డులో పీడబ్ల్యూఎమ్ పంపే అనలాగ్‌రైట్ కమాండ్ వాడితే చాలా కాళ్ల మీద పీడబ్ల్యూఎమ్ 490 హెర్ట్జ్ దగ్గర నడుస్తుంది, అంటే బి స్వరానికి కాస్త కింద, సరిగ్గా గిటార్ సోలోలు తిరిగే చోట. ఎల్‌ఈడీ ఆ వేగంతో వెలిగి ఆరుతుంటే గ్రౌండ్ వైరు మీదుగా ఆ స్వరం సన్నగా సిగ్నల్‌లో కలుస్తుంది, శ్రుతి కూడా సరిపోదు. టైమర్ సెట్టింగ్ మార్చి 62.5 కిలోహెర్ట్జ్‌కి తీసుకెళ్లి, ఎల్‌ఈడీ ముందు చిన్న ఆర్‌సీ ఫిల్టర్ పెడితే చెవికి అందని చోటికి పోతుంది. డిజిటల్ భాగానికి వేరే 78ఎల్05 రెగ్యులేటర్, దాని గ్రౌండ్ వైరు ఆడియో గ్రౌండ్‌తో ఒకే ఒక్క చోట, పవర్ జాక్ దగ్గర కలవాలి. బ్యాటరీ మీద ఆశ వదులుకోండి, కొన్ని మిల్లీఆంపుల పెడల్ పక్కన పదుల మిల్లీఆంపుల మైక్రోకంట్రోలర్ చేరింది, అడాప్టర్ తప్పదు.

ఇంత చదివాక ఎవరైనా అడిగేది, ఇదంతా ప్లగిన్‌లో (కంప్యూటర్‌లో పెడల్ పని చేసే సాఫ్ట్‌వేర్‌లో) మౌస్‌తో ఒక గీత గీస్తే అయిపోతుంది కదా అని. అవుతుంది. కంప్యూటర్ ముందు కూర్చునే రికార్డ్ చేస్తూ, ప్లగిన్ సౌండ్‌తో తృప్తిగా ఉంటే ఇది మీకు అనవసరం, నిజంగా అంటున్నా. ప్లగిన్ సౌండ్ బాగోదు అనే వాదన నేను చెయ్యను, అది ఎప్పుడో పాతబడింది. నా పాయింట్ చెయ్యి గురించి. ప్లగిన్‌లో ఆటోమేషన్ (ఆ గీత ప్రకారం నాబ్ తిరగడం) నడుస్తుండగా నాబ్ పట్టుకుంటే ఇద్దరిలో ఒకరే గెలుస్తారు, గీత గెలుస్తుంది లేదా మీరు గెలుస్తారు. పారలల్‌గా వేసిన ఎల్‌డీఆర్ దగ్గర ఇద్దరూ ఒకేసారి పనిచేస్తారు, ఓమ్ నియమమే ఇద్దరి మధ్యా పంచాయితీ తీరుస్తుంది, దానికోసం ఒక్క లైన్ కోడ్ రాయక్కర్లేదు. ఇలాంటి ప్లగిన్ ఎవరైనా రాయొచ్చు, రాయకూడదని లేదు, కానీ పెట్టె మీద చెయ్యి వేసి కదలికలో చెయ్యి కలపడం వాయించేవాడికి వేరే సంగతి. ముందే రికార్డ్ చేసిన గిటార్‌ని మళ్లీ పెడల్ గుండా పంపి ఈ కదలికలు వేయించుకోవచ్చు కూడా, ఇంటర్‌ఫేస్ నుంచి వచ్చే లైన్ లెవెల్‌ని గిటార్ లెవెల్‌కి తగ్గించి పంపితే సరి.

పెడల్‌ని ఆన్, ఆఫ్ చేసే బైపాస్ స్విచ్ జోలికి మాత్రం నేను వెళ్లను. అడుగున స్విచ్ టక్కున పడే మెకానికల్ రకం అయితే దాన్ని కంప్యూటర్ నొక్కలేదు, తీసేసి రిలే (కరెంట్‌తో పడే స్విచ్) పెట్టాలి, రిలే పెడితే మైక్రోకంట్రోలర్ లేచి కూర్చుంటే తప్ప పెడల్ ఆన్ అవ్వదు, అంటే కంప్యూటర్ లేకపోయినా పెడల్ మామూలు పెడలే అని ఇన్ని పేరాల నుంచి కాపాడుకుంటూ వస్తున్నది పోయినట్టే. బాస్, ఐబనేజ్ తరహా ఎలక్ట్రానిక్ స్విచ్ అయితే పని తేలికే, ఆ స్విచ్ చేసేది ఒక లైన్‌ని గ్రౌండ్‌కి తాకించడమే, దాని మీద ఒక ట్రాన్సిస్టర్ వేస్తే కంప్యూటర్ కూడా తాకించగలదు, కాకపోతే ఇప్పుడు ఆన్‌లో ఉందా ఆఫ్‌లో ఉందా అన్నది పెడల్ మీద ఎల్‌ఈడీ లైన్ చదివి తెలుసుకోవాలి, లేకపోతే ఆన్ చేద్దామని ఆపేస్తుంది. స్టేజ్ మీద స్విచ్ కాలి కింద ఉండటమే నాకు హాయి, కావాలనుకునేవాళ్లు చేసుకోండి.

ఆఖరున ఫర్మ్‌వేర్, అంటే మైక్రోకంట్రోలర్‌లో నడిచే కోడ్. పాత ఎఫెక్ట్స్ ప్రాసెసర్లతో పాటు వచ్చిన ఎడిటర్ సాఫ్ట్‌వేర్‌లు చాలావరకు కొత్త కంప్యూటర్ల మీద తెరుచుకోవు, హార్డ్‌వేర్ బంగారంలా ఉన్నా దాన్ని మార్చే దారి మూసుకుపోయింది, అదే 1983 నాటి మిడి మెసేజ్‌ని నిన్న కొన్న ల్యాప్‌టాప్ కూడా పంపగలదు. అందుకే మన పెడల్‌కి సొంత యాప్ అంటూ ఏదీ రాయొద్దు, బ్లూటూత్ వద్దు, సెట్టింగ్‌లన్నీ కంట్రోల్ మెసేజ్‌ల మీదే మారాలి, ఏ నంబర్ ఏం చేస్తుందో చిన్న కాగితం మీద రాసి మూత లోపలి వైపు అంటించండి. కోడ్ కూడా ఏదో ఒకరోజు మార్చాల్సి వస్తుంది కాబట్టి ప్రోగ్రామింగ్ కోసం ఆరు పిన్నుల హెడర్‌ని, బోర్డు పీకకుండా మూత తియ్యగానే చేతికి అందే వైపు పెట్టండి, 1 నంబర్ పిన్ ఎటుందో పక్కనే మార్కర్‌తో ఒక చుక్క పెట్టండి.